రూపాయి బిళ్ళ అయిపోతే ఆట ఆగేది!

ముప్పాళ్ళ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరానికి ఈ వారం కాస్త వివరంగా జవాబు చెప్పుకుందాం. ఇలాంటి బాధ ఆయన ఒక్కరిదే కాదు గనుక మిగిలిన పాఠకులు కూడా ఓపికగా చదవాలని మనవి. పేరు వేయవద్దని కోరారు, వేయడం లేదు. ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"డాక్టరుగారికి నమస్కారములు. నా వయస్సు 45 సంవత్సరాలు. ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. 1996 నుంచి 98 దాకా నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. ఆ రోజుల్లో సాయంత్రమైతే నలుగురు స్నేహితులం వీడియో గేముల షాపుకు పోయేవాళ్ళం. రూపాయి బిళ్ళ వేసి ముస్తఫా, స్ట్రీట్ ఫైటర్ ఆడేవాళ్ళం. ఇప్పుడా షాపు లేదు, ఆ స్నేహితులు తలా ఒక ఊళ్ళో ఉన్నారు. ఏడాది కిందట మా అబ్బాయి కోసమని చెప్పి, టీవీకి తగిలించే గేముల పెట్టె కొన్నాను. నిజానికి నా కోసమే కొన్నాను. రాత్రి కొట్టు కట్టేసి వచ్చి, భోజనం చేసి పది గంటలకు కూర్చుంటే ఒంటిగంట అవుతుంది, ఒక్కోరోజు రెండు కూడా. అవే ఆటలు, బొమ్మ ఇంకా బాగుంది, అయినా ఆ సరదా రావడం లేదు. మూడు నెలలుగా ఎడమచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి. నీళ్ళ చెంబు ఎత్తినా కలుక్కుమంటోంది. మందుల షాపులో అడిగి బిళ్ళలు వాడుతున్నాను. మా ఆవిడ ఆ పెట్టె అమ్మేయమంటోంది. పాత షాపులో ఉండేలాంటి నిలువు మెషిను ఒకటి చేయించుకుంటే నొప్పీ తగ్గుతుంది, సరదా కూడా తిరిగి వస్తుందని నా ఆశ. మా అబ్బాయికి 14 ఏళ్ళు. వాడు నాతో ఆడడు. తన గదిలో ఫోనులో వేరే ఆటలు ఆడుకుంటాడు. ఏం చేయమంటారు?"

అయ్యా, మీరు అడిగింది ఒక్క ప్రశ్నే అయినా, మీ ఉత్తరంలో నాలుగు బాధలున్నాయి. చేతి నొప్పి ఒకటి, చెడిన నిద్ర రెండు, పాత రోజుల మీద బెంగ మూడు. నాలుగోదాన్ని మీరు చివర్లో రెండు మాటల్లో రాసి వదిలేశారు. దాన్ని చివర్లోనే చూద్దాం. ముందు చెయ్యి.

నొప్పి ఎక్కడ పుడుతోంది?

ఇలాంటి నొప్పి రాగానే మనవాళ్ళు "నరం పట్టేసింది" అంటారు. అది నరం కాదు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడు వంటి భాగం ఉంటుంది, దాన్ని టెండన్ అంటాం. బొటనవేలిని పైకి లేపే, పక్కకు చాచే రెండు టెండన్లు మణికట్టు దగ్గర ఒక ఇరుకైన ఒరలోంచి పోతాయి. కత్తి ఒరలో కదిలినట్టు అవి అందులో ముందుకూ వెనక్కూ జారుతుంటాయి. రోజుకు వేలసార్లు జారితే ఆ ఒర మందమెక్కి బిగుసుకుంటుంది. ఇక ప్రతి కదలికకూ నొప్పే. ఈ జబ్బును 1895లో స్విట్జర్లాండు సర్జన్ డి కెర్వాన్ వర్ణించాడు గనుక ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నాం.

ఇది ఆటలు ఆడేవాళ్ళకు మాత్రమే వచ్చేది కాదు. పసిబిడ్డను చంకల కింద చేతులు పెట్టి అస్తమానం ఎత్తుకునే తల్లులకు వస్తుంది. మన పల్నాడులో సీజనంతా కూర్చుని మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీలు కూడా సరిగ్గా ఇదే చోటు చూపిస్తారు.

మీరే చిన్న పరీక్ష చేసుకోవచ్చు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి దానిమీద పిడికిలి బిగించండి. ఇప్పుడు మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపుకు వంచండి. బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే చాలావరకు ఇదే జబ్బు. అయితే ఇది అనుమానం కలగడానికే. నిర్ణయం డాక్టరుకు వదలండి.

వీడియో ఆటల నొప్పులు వైద్యులకు కొత్త కాదు. అమెరికాలో వెలువడే న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో 1981లోనే 'స్పేస్ ఇన్వేడర్స్ మణికట్టు' అనే పేరుతో ఒక ఉత్తరం అచ్చయింది. 1990లో అదే పత్రికకు ఇంకొక డాక్టరు, అయిదు గంటలు ఏకబిగిన నింటెండో ఆడి బొటనవేలు పట్టేసిన 35 ఏళ్ళ మహిళ గురించి రాసి, ఆ జబ్బుకు 'నింటెండినైటిస్' అని సరదాగా పేరు పెట్టాడు. చూశారా, ఆమె కూడా చిన్నపిల్ల కాదు!

షాపులో రాని నొప్పి ఇంట్లో ఎందుకు వచ్చింది?

మీ అనుభవంలోనే దీనికి జవాబు ఉంది. షాపులోని మెషినుకు ఎడమవైపున గుండు ఉన్న కర్ర, కుడివైపున బటన్లు ఉండేవి. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2కు కొట్టడానికీ తన్నడానికీ ఆరు బటన్లు. రెండు అరచేతులు కలిపి నిప్పుముద్ద విసరాలంటే కర్రను కిందికి నొక్కి, మూలగా తిప్పి, ముందుకు తెచ్చి, ఆ క్షణంలోనే బటన్ కొట్టాలి. ఆ తిప్పుడు మీరు గుప్పెటంతా పెట్టి చేసేవారు. బరువు అరచెయ్యి, మణికట్టు, ముంజెయ్యి, భుజం అన్నీ పంచుకునేవి. పైగా నిలబడి ఆడేవారు గనుక ఒళ్ళంతా కదిలేది.

ఇంట్లో పెట్టెతో వచ్చేది రెండు చేతుల్లో పట్టుకునే చిన్న పరికరం. షాపులో చెయ్యంతా కలిసి చేసిన పని ఇప్పుడు ఎడమచేతి బొటనవేలు ఒక్కటే చేయాలి. నలుగురు మోసే పెట్టెను ఒక్క కూలీ నెత్తిన పెట్టినట్టు! మీకు నొప్పి సరిగ్గా ఎడమ బొటనవేలికే రావడంలో ఆశ్చర్యం లేదు.

కాబట్టి కర్ర ఉన్న మెషినయితే బొటనవేలికి ఊరట అన్న మీ ఊహలో కొంత నిజం ఉంది. కాని అందుకోసం బీరువా అంత మెషిను అక్కర్లేదు. కర్ర, బటన్లు బిగించిన పలక విడిగా దొరుకుతుంది, మీ పెట్టెకు సరిపోయేది అడిగి తీసుకుంటే చాలు. అదైనా నొప్పి పూర్తిగా తగ్గాకనే. గుర్తుంచుకోండి, రాత్రి మూడు గంటలు ఆడితే కర్ర కూడా మణికట్టును వదిలిపెట్టదు.

బిళ్ళలు మాని, షుగరు చూపించుకోండి

షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలు నెలల తరబడి వాడటం మంచిది కాదు. వాటివల్ల కడుపులో పుండ్లు పడవచ్చు, రక్తపోటు పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ముందు వాటిని ఆపండి.

ఇంకొక ముఖ్య విషయం. నొప్పికి ఆట ఒక్కటే కారణమని తీర్మానించుకోకండి. షుగరు వ్యాధి ఉన్నవారిలో ఇలా టెండన్ల ఒరలు బిగుసుకోవడం, వేలు మడిస్తే పట్టేసి టక్కుమని విడవడం ఇతరులకంటే ఎక్కువ. మీకు 45 ఏళ్ళు, రోజంతా కొట్లో కూర్చునే పని, అర్ధరాత్రి దాకా మేలుకోవడం. ఏమీ తినకముందు చేసిన రక్తపరీక్షలో చక్కెర 126 లేదా అంతకు మించి ఉంటే, మరోసారి పరీక్షించి షుగరు వ్యాధి అని నిర్ధారిస్తారు. 100 నుంచి 125 మధ్య ఉంటే అది హెచ్చరిక. 30 ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, రక్తపోటు ఉచితంగానే చూస్తారు. ఈ వారమే వెళ్ళండి.

చేతికి చికిత్స ఇలా ఉంటుంది. మూడు నాలుగు వారాలు ఆట పూర్తిగా మానాలి. బొటనవేలు, మణికట్టు కదలకుండా పట్టే స్ప్లింటు డాక్టరు ఇస్తారు. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు పెట్టవచ్చు. చెంబును బొటనవేలితో లేపకుండా అడుగున అరచెయ్యి పెట్టి ఎత్తండి. తగ్గకపోతే ఒరలోకి ఒక ఇంజెక్షను ఇస్తారు. చాలామందికి దానితో బాగా ఉపశమనం కలుగుతుంది. షుగరు ఉన్నవారికి ఆ ఇంజెక్షను వల్ల కొద్దిరోజులు చక్కెర పెరుగుతుంది గనుక ముందుగా డాక్టరుకు చెప్పాలి. అప్పటికీ లొంగకపోతే చిన్న ఆపరేషను ఉంది. చెయ్యి ఎర్రబడి జ్వరం వచ్చినా, వేళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు సడలినా ఆలస్యం చేయవద్దు.

షాపులో అడ్డుకట్టలుండేవి

ఇక నిద్ర సంగతి. పెద్దవాళ్ళకు రాత్రి ఏడు గంటల నిద్ర తక్కువ కాకూడదు. ఒంటిగంటకు ఆట ముగించిన మనిషికి వెంటనే నిద్ర పట్టదు. పోట్లాట తెరమీదనే అయినా గుండె వేగం నిజంగానే పెరుగుతుంది. శరీరం చల్లబడటానికి ఇంకో గంట కావాలి. పొద్దున్నే కొట్టు తీయాలాయె! ఇలా నెలల తరబడి నిద్ర తక్కువైతే రక్తపోటు, బరువు, షుగరు మూడూ పెరిగే అవకాశం ఉంది.

మరి ఇంటర్ చదివే కుర్రాడిగా ఉన్నప్పుడు మీరు రాత్రి రెండింటి దాకా ఎందుకు ఆడలేదు? అప్పుడు మీకు నిగ్రహం ఎక్కువనా? కాదు. జేబులో మూడో నాలుగో రూపాయి బిళ్ళలుండేవి, అవి అయిపోతే ఆట ఆగేది. ఓడినవాడు పక్కకు తప్పుకోవాలి, ఎందుకంటే వెనక ఇంకొకడు బిళ్ళ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిలబడి నిలబడి కాళ్ళు లాగేవి. షాపు కట్టేసేవారు. హాస్టలుకు వేళకు చేరాలి. పైగా ఆ మెషినును పెట్టిన షాపువాడి లాభమంతా మీరు త్వరగా ఓడి ఇంకో బిళ్ళ వేయడంలోనే ఉండేది. అంటే ఆటే మిమ్మల్ని బయటికి నెట్టేది.

ఇంట్లో ఇవేవీ లేవు. బిళ్ళ లేదు, వరస లేదు, కాళ్ళనొప్పి లేదు, తలుపు మూసేవాడు లేడు. ఓడితే ఒక్క బటన్ నొక్కితే మళ్ళీ మొదలు. షాపులో బయటినుంచి వచ్చిన అడ్డుకట్టలను ఇంట్లో మనమే కట్టుకోవాలి. ఈ వ్యాసంలో మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోదలిస్తే, ఇదే గుర్తుపెట్టుకోండి.

అలాగని ఆ షాపు స్వర్గమేమీ కాదు. చీకటి గది, బీడీ సిగరెట్ల పొగ, చెవులు దిమ్మెక్కే చప్పుడు, టిఫిను డబ్బులు ఆటకు పోయడం, క్లాసులు ఎగ్గొట్టడం! ఆడపిల్లలు గుమ్మం తొక్కే చోటు కాదు. జ్ఞాపకం తీపిని దాచుకుని పొగను వదిలేస్తుంది. అందులో తప్పు లేదు. కాని ఇప్పుడు డబ్బు పోసి దాన్ని కొనాలనుకున్నప్పుడు మాత్రం రెండూ లెక్కలోకి తీసుకోవాలి.

బెంగ కూడా ఒకప్పుడు జబ్బే

పాత రోజుల మీద బెంగను ఇంగ్లీషులో నాస్టాల్జియా అంటారు. ఆ మాటను కల్పించింది కవి కాదు, మా వృత్తివాడే. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండు వైద్య విద్యార్థి తన పరిశోధన వ్యాసంలో, ఇల్లు వదిలి పరదేశాల్లో ఉన్నవాళ్ళు కృశించిపోవడాన్ని ఒక జబ్బుగా వర్ణించి ఈ పేరు పెట్టాడు. ఇంటికి తిరిగి వెళ్ళడం, నొప్పి అనే రెండు గ్రీకు మాటలను కలిపాడు. మనవాళ్ళు ఆ సంగతంతా 'బెంగ' అని రెండక్షరాల్లో చెప్పేశారు. హోఫర్ రోగులకు ఇంటికి దూరమై బెంగ, మీకు ఇంట్లో కూర్చుని షాపు మీద బెంగ!

ఇప్పుడు దీన్ని జబ్బుగా ఎవరూ లెక్కించడం లేదు. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన పరిశోధనలో, ఇలాంటి జ్ఞాపకాల్లో దాదాపు ఎప్పుడూ మరికొందరు మనుషులుంటారనీ, ఒంటరితనం కలిగినప్పుడు ఈ జ్ఞాపకాలు పైకి వస్తాయనీ తేల్చారు. మీ ఉత్తరం మళ్ళీ చదువుకోండి. "నలుగురు స్నేహితులం" అని మీరే రాశారు.

ముస్తఫా ఆట అసలు పేరు అది కానే కాదు. 1993లో జపాను కంపెనీ క్యాప్‌కామ్ చేసిన ఆ ఆట పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. అందులో నలుగురు వీరులుంటే, మన కుర్రాళ్ళు ముస్తఫా అనే ఒక్కడి పేరు ఆటకంతటికీ పెట్టేశారు. ఆ పేరు మెషినులోంచి రాలేదు, చుట్టూ మూగిన గుంపులోంచి వచ్చింది. పల్నాటివాళ్ళకు ఇది వేరే చెప్పాలా? కోడిపందెం నాటినుంచీ మనకు పోట్లాటకంటే దాని చుట్టూ చేరే జనమే సగం వినోదం. భుజం మీద చెయ్యి వేసి "కొట్రా, కొట్రా" అని అరిచేవాడు, గెలిస్తే ఈల వేసేవాడు, ఓడితే వెక్కిరించి సోడా తాగించేవాడు, వీళ్ళే మీ సరదా. వాళ్ళు మెషినుతోపాటు పెట్టెలో రారు. కాబట్టి చేయించుకోబోయే ఆ నిలువు మెషిను ఆలోచన ప్రస్తుతానికి మానుకోండి. ఆ డబ్బులో కొంచెం ఖర్చు పెట్టి, ఏడాదికొకసారి ఆ ముగ్గురు స్నేహితుల్ని మీ ఇంటికి భోజనానికి పిలవండి. బెంగకు నాకు తెలిసిన మందు అదే.

ఇక మీ అబ్బాయి

మీరు హాల్లో ఒంటిగంట దాకా, వాడు గదిలో ఎప్పటిదాకానో! షాపులో ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళ పక్కన నిలబడి ఆడిన మనిషి, ఇంట్లో కన్నకొడుకు పక్కన కూర్చోకుండా ఒంటరిగా ఆడుతున్నాడు. నాకు మీ బొటనవేలికంటే ఇదే ఎక్కువ బాధ కలిగించింది. తండ్రి రాత్రి ఒంటిగంట దాకా ఆడుతుంటే కొడుకును పదింటికి ఫోను పెట్టేయమని చెప్పడం ఎలా?

పిల్లవాడు ఆటలు ఆడటమే జబ్బు కాదు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ ఆటకు పతకాలు కూడా ఇచ్చారు. కాని హద్దు దాటిన ఆటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో చేర్చింది, అది 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. దాని లక్షణాలు మూడు. ఆట మొదలుపెట్టాక ఆపుకోలేకపోవడం ఒకటి. తిండి, చదువు, స్నేహాలు అన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం రెండు. నష్టం కళ్ళకు కనబడుతున్నా మానలేకపోవడం మూడు. సాధారణంగా ఏడాదిపాటు ఇలా సాగి, చదువూ ఇల్లూ దెబ్బతింటేనే జబ్బు అంటారు. ఈ మూడు ప్రశ్నలూ అబ్బాయికంటే ముందు మీరు వేసుకోండి. అవుననిపిస్తే సిగ్గుపడకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవకు 14416 నెంబరుకు ఏ వేళనయినా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

పద్నాలుగేళ్ళ పిల్లవాడికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రోజూ ఆరుబయట ఆటకు ఒకటి రెండు గంటలు కేటాయిస్తే హ్రస్వదృష్టి ముప్పు కూడా తగ్గుతుంది. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే మెరుపులు మెరిసే ఆటలు డాక్టరును అడగకుండా ఆడనివ్వకండి.

నా చీటీ

చెయ్యి తగ్గాక ఈ పద్ధతి ఆరు వారాలు పాటించి చూడండి.

1. టీవీ పక్కన గిన్నెలో ఆరు రూపాయి బిళ్ళలు పెట్టండి. ఒక్కొక్క పోటీకి ఒక బిళ్ళ పక్కనున్న డబ్బాలో వేయాలి. మూడు రౌండ్ల పోటీ అయిదు నిమిషాలకు మించదు, అంటే మొత్తం అరగంట. బిళ్ళలు అయిపోతే షాపు కట్టేసినట్టే.

2. గిన్నె, డబ్బా మీ ఆవిడ స్వాధీనంలో ఉండాలి. పెట్టె అమ్మే మాట ఆమె తప్పకుండా వాయిదా వేస్తారు.

3. లైటు వేసి ఆడండి, వీలైతే నిలబడి ఆడండి. పోటీకి పోటీకి మధ్య కిటికీలోంచి దూరంగా చూడండి, కళ్ళు ఆర్పండి, వేళ్ళు చాచండి.

4. రాత్రి తొమ్మిదిన్నర తరువాత ఇంట్లో ఏ ఆటా వద్దు. కొట్టు నుంచి కాస్త ముందు వస్తే సరిపోతుంది. ఫోన్లన్నీ హాల్లోనే నిద్రపోవాలి, మీదీ వాడిదీ కూడా.

5. ఒంటరిగా ఆడవద్దు. ఆరు బిళ్ళల్లో మూడు అబ్బాయివి. వాడికి నిప్పుముద్ద విసరడం నేర్పండి. ఆదివారం మాత్రం వాడి ఆట వాడు మీకు నేర్పాలి, మీరు ఓడిపోవాలి. ఎలాగూ ఓడిపోతారు!

మొదటి వారం వాడు రాకపోవచ్చు. పిలుస్తూ ఉండండి, తిట్టకండి. ముస్తఫా కథ చెప్పండి, హాస్టల్ వార్డెనుకు దొరికిపోయిన కథ ఉంటే అది కూడా చెప్పండి. పద్నాలుగేళ్ళవాడు ఇంకో మూడు నాలుగేళ్ళలో మీలాగే ఏదో ఊళ్ళో హాస్టలుకు వెళ్ళిపోతాడు. ఎప్పుడో నలభై అయిదేళ్ళ వయస్సులో వాడికీ ఇలాగే బెంగ కలుగుతుంది. ఆ జ్ఞాపకంలో మూసిన గది తలుపు ఉండాలో, పక్కన నిలబడి "కొట్రా" అని అరిచే నాన్న ఉండాలో నిర్ణయించవలసిన రోజులు ఇవే. ముందు షుగరు పరీక్ష చేయించుకుని, ఆ ఫలితంతో మళ్ళీ ఉత్తరం రాయండి.